లాగ్ ఎక్కడికి పంపాలి? స్టాండర్డ్ అవుట్‌పుట్, ఫైలు, జర్నల్, నెట్‌వర్క్: ఏది ఎవరికి సరిపోతుంది

అమీర్‌పేటలో జావా నేర్చుకునేవాళ్లు రాసే మొదటి లాగ్, అంటే ప్రోగ్రామ్ తాను చేసేది చెప్పుకునే రాత, ఒక ప్రింట్ లైను. గచ్చిబౌలిలో ఉద్యోగంలో చేరిన నెలలోపే లాగ్‌బ్యాక్, జర్నల్‌డి, ఫ్లుయెంట్ బిట్, ఎలాస్టిక్‌సెర్చ్ అంటూ డజను పేర్లు ఒకేసారి మీద పడతాయి. వీటిలో ఏది మంచిదని అడిగితే ఎవరి అలవాటు వాళ్లు చెబుతారు, ఏదీ తేలదు. అడగాల్సింది వేరు: లాగ్ అందుకునే చోటు నిండిపోతే, నెమ్మదిస్తే, ఆగిపోతే మీ ప్రోగ్రామ్ ఏమవుతుంది? జరిగేవి మూడే. ప్రోగ్రామ్ నిలిచిపోతుంది, లేదా లైన్లు పోతాయి, లేదా డిస్కు నిండుతుంది. ఏ పద్ధతి పట్టుకున్నా ఈ మూడింట్లో ఏదో ఒక నష్టానికి ఒప్పుకున్నట్టే. అది ఏ నష్టమో ముందే తెలిసి ఒప్పుకోవడం ముఖ్యం.

పోలిక గాల్లో తేలకుండా ఒక లెక్క పెట్టుకుందాం. సంక్రాంతి ముందు హైదరాబాద్ నుంచి ఊళ్లకు వెళ్లే బస్సుల టికెట్లు అమ్మే సర్వీసు ఒకటి అనుకోండి. సెకనుకు 50 రిక్వెస్టులు, ఒక్కోదానికి 6 లాగ్ లైన్లు, లైనుకు సుమారు 300 బైట్లు. అంటే సెకనుకు 300 లైన్లు, 90 వేల బైట్లు. రోజంతా ఇదే జోరు ఉంటే 7.8 జీబీ. నిజానికి ఇది పెద్ద సర్వీసేమీ కాదు. అయినా ఈ లెక్క ముందు చాలా డిఫాల్ట్ హద్దులు నిమిషాల్లో, కొన్ని సెకన్లలో తేలిపోతాయి.

స్టాండర్డ్ అవుట్‌పుట్

ప్రోగ్రామ్ మామూలుగా తెరకు రాసే దారి ఇది. కంటెయినర్లలో, అంటే ప్రోగ్రామ్‌ను దానికి కావాల్సినవాటితో కలిపి విడిగా నడిపే డాకర్ లాంటి పెట్టెల్లో, నడిచే సర్వీసుకు ఇదే తగినది. క్లౌడ్ కంపెనీ హెరోకు ఇంజనీర్లు 2011 ప్రాంతంలో రాసిన పన్నెండు సూత్రాల్లో పదకొండోది లాగ్ గురించే: ప్రోగ్రామ్ తన లాగ్‌ను ధారగా బయటికి వదలాలి, అది ఎక్కడ నిలవ ఉంటుందో, ఎటు పోతుందో పట్టించుకోకూడదు. ఆ పని నడిపే వాతావరణానిది. లాప్‌టాప్ తెర మీదా, ప్రొడక్షన్ కంటెయినర్‌లోనూ అదే కోడ్ మార్పు లేకుండా నడుస్తుంది.

ఇక్కడ మొదటి చిక్కు బఫర్, అంటే రాసేముందు లైన్లు పోగయ్యే తాత్కాలిక జాగా. తెరకు రాస్తున్నప్పుడు సీ లైబ్రరీ లైను పూర్తవగానే వదిలేస్తుంది. అదే పైపుకో (ఇంకో ప్రోగ్రామ్‌కు అందించే దారి) ఫైలుకో రాస్తుంటే కొన్ని వేల బైట్లు పోగయ్యేదాకా తన దగ్గరే పట్టి ఉంచుతుంది. లాప్‌టాప్‌లో టకటకా కనిపించిన లైన్లు కంటెయినర్‌లో చాలాసేపు కనిపించకపోవడానికి కారణం ఇదే. మెమరీ చాలక కెర్నెల్ ప్రాసెస్‌ను చంపితే బఫర్‌లో ఉన్నదంతా దాంతోపాటే పోతుంది. అసలు మనకు కావాల్సింది చచ్చే ముందు అది చెప్పిన ఆ చివరి లైన్లే. పైథాన్ ప్రింట్ వాడే ప్రోగ్రాములకు ఎన్విరాన్‌మెంట్‌లో పైథాన్‌అన్‌బఫర్డ్‌కు 1 అని ఇవ్వాలి. పైథాన్ లాగింగ్ మాడ్యూల్‌కు ఈ బాధ లేదు. దాని స్ట్రీమ్ హ్యాండ్లర్ ప్రతి లైను తర్వాతా ఫ్లష్ చేస్తుంది, అంటే పట్టి ఉంచకుండా వదిలేస్తుంది, పైగా డిఫాల్ట్‌గా స్టాండర్డ్ ఎర్రర్‌కు రాస్తుంది.

రెండో చిక్కు చాలామంది ఊహించనిది. లినక్స్‌లో పైపు పట్టేది 64 కేబీ. అవతల చదివే డాకర్ డీమన్ (వెనక నడుస్తూ కంటెయినర్లను చూసుకునే ప్రోగ్రామ్) ఏదో కారణంతో ఆగితే మన టికెట్ల సర్వీసు ఆ పైపును 0.7 సెకన్లలో నింపేస్తుంది. మధ్యలో ఇంకో పైపు ఉందనుకున్నా రెండు సెకన్లకు మించదు. ఆ తర్వాతి లైను రాయబోయిన థ్రెడ్ అక్కడే నిలబడిపోతుంది. బయటి నుంచి చూస్తే టికెట్ల బుకింగ్ ఆగింది. డేటాబేస్ బాగుంది, నెట్‌వర్క్ బాగుంది, సీపీయూ ఖాళీగా ఉంది, కారణం మాత్రం ఎవరికీ అంతుపట్టదు. డీమనే ఆగితే దీనికి విరుగుడు లేదు. కానీ డీమన్ లాగ్ రాసే చోటు నెమ్మదించినప్పుడు ప్రోగ్రామ్ నిలిచిపోకుండా డాకర్‌లో లాగ్ మోడ్‌ను నాన్‌బ్లాకింగ్‌కు మార్చుకోవచ్చు. అప్పుడు డీమన్ లోపల 1 ఎంబీ బఫర్ ఉంటుంది. మన లెక్కలో అది 12 సెకన్లకు నిండి, ఆపైన లైన్లు పోవడం మొదలవుతుంది. 20 ఎంబీకి పెంచితే దాదాపు నాలుగు నిమిషాలు దొరుకుతాయి. టికెట్లు అమ్మే సర్వీసుకు నేను నాన్‌బ్లాకింగే సిఫార్సు చేస్తాను. పండగ ముందు లాగ్ పోయినా సర్దుకోవచ్చు, బుకింగ్ ఆగకూడదు.

మూడోది డిస్కు. డాకర్ డిఫాల్ట్ జేసన్ ఫైల్ డ్రైవర్‌కు సైజు హద్దు లేదు. ప్రతి లైనుకూ సమయం, స్ట్రీమ్ పేరు చేర్చి రాస్తుంది కాబట్టి మన 7.8 జీబీ తొమ్మిది దాటుతుంది. 40 జీబీ డిస్కు నాలుగైదు రోజుల్లో నిండుతుంది. లోకల్ డ్రైవర్‌కు మార్చితే కంటెయినర్‌కు 20 ఎంబీ చొప్పున 5 ఫైళ్లతో ఆగుతుంది. గుర్తుంచుకోవాల్సింది, డీమన్ సెట్టింగుల ఫైల్లో చేసిన ఈ మార్పు కొత్తగా సృష్టించే కంటెయినర్లకే వర్తిస్తుంది. పాతదాన్ని రీస్టార్ట్ చేస్తే చాలదు, తీసేసి మళ్లీ సృష్టించాలి.

అనేక మెషీన్ల మీద కంటెయినర్లను నడిపే కుబెర్నెటీస్‌లో ఈ పని ప్రతి మెషీన్ మీదా ఉండే కుబెలెట్ చూసుకుంటుంది: కంటెయినర్‌కు 10 ఎంబీ చొప్పున 5 ఫైళ్లు. డిస్కు భద్రం, కానీ మన సర్వీసుకు 50 ఎంబీ అంటే పది నిమిషాల లాగ్ మాత్రమే. కుబ్‌సీటీఎల్ లాగ్స్ కమాండ్ చూపించేది వాటిలో తాజా ఫైలునే, అంటే రెండు నిమిషాల లోపు కథ. ఫోన్ మోగి, కళ్లు నులుముకుని లాప్‌టాప్ తెరిచేలోపు జరిగింది చెరిగిపోతుంది. అందుకే కుబెర్నెటీస్‌లో లాగ్ సేకరించే ఏజెంటును మొదటిరోజే పెట్టాలి. తర్వాత చూద్దాం అనుకునే విషయం కాదిది.

ఫైలుకు రాయడం

వర్చువల్ మెషీన్ మీద నేరుగా నడిచే పాత జావా సర్వీసుకూ, ఇంటర్నెట్ నమ్మకంగా లేని చోట నడిచే ప్రోగ్రామ్‌కూ ఫైలు ఇప్పటికీ మంచిదే. గ్రెప్ కమాండ్‌తో వెతకొచ్చు, వేరే సరంజామా అక్కర్లేదు. చిక్కంతా పాత ఫైలును పక్కన పెట్టి కొత్తది మొదలుపెట్టే ఘడియలో, అంటే రొటేషన్‌లో ఉంది.

లినక్స్‌లో ఈ పని చేసే లాగ్‌రొటేట్ ఫైలు పేరు మార్చినా మీ ప్రోగ్రామ్ తెరిచి పట్టుకున్నది అదే ఫైలు. కాబట్టి పాత పేరుతో ఉన్న దానికే రాస్తూ పోతుంది, కొత్త ఫైలు సున్నా బైట్లతో అలాగే ఉంటుంది. ఆ పాత ఫైలును ఎవరైనా చెరిపేస్తే ఇంకా గందరగోళం: డిస్కు జాగా చూపే డీఎఫ్ కమాండ్ డిస్కు నిండిందంటుంది, ఫైళ్ల సైజులు కూడే డీయూ ఖాళీ ఉందంటుంది. పేరు పోయినా ప్రాసెస్ పట్టుకున్నంతకాలం ఆ జాగా తిరిగి రాదు. ఇలాంటి ఫైళ్లను ఎల్ఎస్ఓఎఫ్ కమాండ్‌కు ప్లస్ ఎల్1 ఇచ్చి పట్టుకోవచ్చు. విరుగుడు రెండు దారుల్లో ఉంది. రొటేషన్ తర్వాత ప్రోగ్రామ్‌కు సిగ్నల్ పంపి ఫైలు మళ్లీ తెరిపించడం మొదటిది, ఇదే సరైనది. వెబ్ సర్వర్ ఎన్జిన్‌ఎక్స్ యూజర్1 సిగ్నల్‌కు ఇదే చేస్తుంది. పైథాన్‌లో వాచ్డ్‌ఫైల్‌హ్యాండ్లర్ వాడితే ఫైలు మారిందని తనే గమనించి తెరుచుకుంటుంది. రెండోది కాపీట్రంకేట్: నకలు తీసి అసలు ఫైలును ఖాళీ చేస్తుంది. నకలు అయ్యాక, ఖాళీ చేసేలోపు వచ్చిన లైన్లు పోతాయి. సెకనుకు 300 లైన్ల దగ్గర అది కనిపించే నష్టమే.

ప్రోగ్రామ్ తనే రొటేట్ చేసుకునే పద్ధతి ఒకే ప్రాసెస్ ఉన్నంతవరకు హాయిగా నడుస్తుంది. పైథాన్ వెబ్ సర్వర్ గునికార్న్ కింద నాలుగు వర్కర్లు (విడి ప్రాసెస్‌లు) పెట్టి అందరికీ ఒకే రొటేటింగ్ ఫైలు ఇస్తే ఒకరు పేరు మార్చిన ఫైలుకు ఇంకొకరు రాస్తారు, మూడోవారు దాన్నే మళ్లీ మారుస్తారు. లైన్లు చెల్లాచెదురవుతాయి, కొన్ని పోతాయి. పైథాన్ డాక్యుమెంటేషన్ కూడా అనేక ప్రాసెస్‌ల నుంచి ఒకే ఫైలుకు రాయడానికి మద్దతు లేదని స్పష్టంగా చెబుతుంది. విండోస్‌లో ఇంకో రకం దెబ్బ ఉంది, వేరొకరు తెరిచి ఉంచిన ఫైలు పేరు మారదు, రొటేషన్ ఎర్రర్‌తో విఫలమవుతుంది. బేగంబజార్ హోల్‌సేల్ దుకాణంలో బిల్లింగ్ కంప్యూటర్ మీద లాగ్ ఫైలును ఎక్సెల్‌లో తెరిచి వదిలేసినా చాలు. ఇంకొకటి, పైథాన్ రొటేటింగ్ హ్యాండ్లర్‌కు గరిష్ఠ సైజు, పాత ఫైళ్ల సంఖ్య రెండూ ఇవ్వాలి. వాటి డిఫాల్ట్ సున్నా, సున్నా ఉంటే అసలు రొటేషనే జరగదు.

రాసే వేగం కోసం జావా లాగ్ లైబ్రరీ లాగ్‌బ్యాక్‌లో అసింక్ అపెండర్ (లైన్లను క్యూలో ఉంచి వేరే థ్రెడ్‌తో రాయించేది) పెడతారు. దాని క్యూ డిఫాల్ట్‌గా 256 లైన్లే. ఖాళీ 20 శాతానికి తగ్గగానే ట్రేస్, డీబగ్, ఇన్ఫో లైన్లను చప్పుడు లేకుండా పారేస్తుంది. మన సర్వీసులో డిస్కు 0.7 సెకను తడబడితే చాలు, ఆ స్థితి వచ్చేస్తుంది. క్యూను 8,192కు పెంచండి. ఇన్ఫో లైన్లు కూడా ముఖ్యమైతే పారేసే హద్దును సున్నా చేయండి. అలా చేస్తే క్యూ నిండినప్పుడు థ్రెడ్ ఆగుతుందని మాత్రం మరవొద్దు, నెవర్‌బ్లాక్ డిఫాల్ట్‌గా ఆఫ్‌లో ఉంటుంది.

జర్నల్, సిస్‌లాగ్

ఒకే లినక్స్ మెషీన్ మీద, కంటెయినర్ లేకుండా సర్వీసు నడుపుతుంటే నా మొదటి ఎంపిక సర్వీసులను నడిపే సిస్టమ్‌డి కింద స్టాండర్డ్ అవుట్‌పుట్. లైన్లు వాటంతటవే దానిలో లాగ్ పోగుచేసే భాగమైన జర్నల్‌డికి చేరతాయి. సర్వీసు పేరుతో, సమయంతో, తీవ్రతతో వెతకొచ్చు. లైను మొదట్లో కోణపు బ్రాకెట్లలో 3 అని రాస్తే అది ఎర్రర్ స్థాయిగా నమోదవుతుంది, లైబ్రరీ ఏదీ అక్కర్లేదు.

దీనికి రెండు హద్దులున్నాయి. ఒక సర్వీసు 30 సెకన్లలో 10,000 లైన్లు దాటితే మిగతావి వదిలేసి, ఇన్ని అణచివేశానని ఒక లైను రాస్తుంది. డిస్కులో ఖాళీని బట్టి ఈ హద్దు కొంత పెరుగుతుంది. మన సర్వీసు 30 సెకన్లకు 9,000 లైన్లతో ఇప్పటికే అంచున ఉంది. పేమెంట్ గేట్‌వే పడిపోయి రీట్రైలు మొదలైతే, అంటే సరిగ్గా లాగ్ కావాల్సిన వేళకే, కోత పడొచ్చు. ఆ సర్వీసు యూనిట్ ఫైల్లో బరస్ట్ హద్దును పెంచుకోవాలి. రెండోది నిలవ: ఫైల్‌సిస్టమ్‌లో 10 శాతం, ఎంత పెద్ద డిస్కయినా 4 జీబీ. మన లెక్కకు అది సగం రోజు లాగ్. అదీ /వార్/లాగ్/జర్నల్ ఫోల్డర్ ఉంటేనే. ఆ ఫోల్డర్ లేకుండా స్టోరేజ్ ఆటోలో ఉంటే అంతా మెమరీలోనే, రీబూట్‌తో తుడిచిపెట్టుకుపోతుంది. మెషీన్ ఎందుకు రీబూట్ అయిందో చెప్పాల్సిన లాగ్ కూడా అందులోనే పోతుంది.

సిస్‌లాగ్ అనే పాత లాగ్ పద్ధతి 1980ల్లో ఎరిక్ ఆల్‌మన్ తన మెయిల్ ప్రోగ్రామ్ సెండ్‌మెయిల్ కోసం చేసినది. రౌటర్లు, ఫైర్‌వాల్‌లు మాట్లాడేది ఇప్పటికీ ఇదే భాష, వాటికి వేరే ఎంపిక ఉండదు. మీ సొంత ప్రోగ్రామ్‌కు మాత్రం కొత్తగా దీన్ని ఎంచుకోవాల్సిన అవసరం తక్కువ. వాడాల్సి వస్తే 2009 నాటి ఆర్ఎఫ్‌సీ (ఇంటర్నెట్ ప్రమాణ పత్రం) 5424 రూపం వాడండి. పాత 3164 రూపంలో సంవత్సరం ఉండదు, టైమ్‌జోన్ ఉండదు, సందేశం 1,024 బైట్లకే పరిమితం. అందిందో లేదో చూడని యూడీపీ 514 పోర్టు మీద పోయిన లైను పోయినట్టు కూడా తెలియదు. ఎన్‌క్రిప్షన్ ఇచ్చే టీఎల్ఎస్‌తో 6514 పోర్టు, సిస్‌లాగ్ నడిపే ఆర్‌సిస్‌లాగ్‌లో డిస్కు సాయంతో నడిచే క్యూ, రెండూ ఉంటేనే నమ్మొచ్చు.

ప్రోగ్రామ్ నుంచి నేరుగా నెట్‌వర్క్‌కు

వద్దు. లాగ్ సర్వరు ఆగితే మీ ప్రోగ్రామ్ మెమరీలో లైన్లు పోగేసుకుంటుంది, లేదా నిలబడిపోతుంది. తిరిగి పంపడం, సర్టిఫికెట్లు, పాస్‌వర్డ్‌లు అన్నీ ప్రతి సర్వీసు కోడ్‌లోకి వస్తాయి. స్థానికంగా రాసి, ఫ్లుయెంట్ బిట్ లేదా వెక్టర్ లాంటి ఏజెంటుతో మోయించండి. అయితే ఫ్లుయెంట్ బిట్‌లో ఫైలును చదివే టెయిల్ ఇన్‌పుట్‌కు ఎక్కడిదాకా చదివిందో గుర్తుపెట్టుకునే డేటాబేస్ ఫైలు ఇవ్వాలి. లేకపోతే రీస్టార్ట్ అయ్యాక ఎక్కడ ఆపిందో దానికి తెలియదు, లైన్లు మళ్లీ వస్తాయి, లేదా పోతాయి. బఫర్‌ను కూడా మెమరీ నుంచి ఫైల్‌సిస్టమ్‌కు మార్చండి. మొబైల్ యాప్‌లలో మాత్రం నేరుగా పంపడం తప్పదు.

చేర్చిపెట్టే చోటు: లోకీనా, ఎలాస్టిక్‌సెర్చా

ఎలాస్టిక్‌సెర్చ్ ప్రతి మాటనూ ఇండెక్స్ చేస్తుంది, అంటే వెతకడానికి సూచీలో చేరుస్తుంది. ఏ మాటతో వెతికినా వేగంగా దొరుకుతుంది, దానికి తగ్గట్టు మెమరీ, డిస్కు తింటుంది. గ్రఫానా లోకీ కొన్ని లేబుళ్లనే ఇండెక్స్ చేసి, లైన్లను కుదించి చవకైన క్లౌడ్ నిలవ అయిన ఆబ్జెక్ట్ స్టోరేజ్‌లో పడేస్తుంది. ఖర్చు తక్కువ, కానీ సమయం, సర్వీసు తెలియకుండా వారం రోజుల లాగ్‌ను గాలించాలంటే నెమ్మది. పదిమంది ఇంజనీర్ల లోపు జట్టుకు లోకీ చాలు. కస్టమర్ కేర్ వాళ్లు రోజంతా టికెట్ నంబర్లతో పాత లాగ్ వెతుకుతారంటే ఎలాస్టిక్‌సెర్చ్ ఖర్చు గిట్టుబాటవుతుంది.

లోకీలో టికెట్ నంబరును, యూజర్ ఐడీని ఎప్పుడూ లేబుల్ చేయొద్దు. ప్రతి విలువకూ ఒక కొత్త స్ట్రీమ్ పుట్టి, ఇండెక్స్ ఉబ్బి అంతా కుంగిపోతుంది. సర్వీసు, వాతావరణం, స్థాయి, ఇవి లేబుళ్లుగా సరిపోతాయి, మిగతాది లైనులో ఉండనీయండి. ఎలాస్టిక్‌సెర్చ్‌లో ఒక సర్వీసు ఛార్జీని అంకెగా, ఇంకోటి 'రూ. 650' అని అక్షరాలుగా పంపితే రెండోదాని లైన్లు తిరస్కారమవుతాయి. ఇండెక్స్‌కు డిఫాల్ట్‌గా 1,000 ఫీల్డులే. డిస్కు 95 శాతం దాటితే ఇండెక్స్‌లకు రాయడం ఆపేస్తుంది. అలారం 80 శాతం దగ్గరే మోగాలి.

లైను ఎలా ఉండాలి

మనిషి తెర మీద చదివేదైతే మామూలు పాఠం, యంత్రం ముందుగా చదివేదైతే లైనుకు ఒక జేసన్, అంటే పేరు, విలువ జతలుగా రాసే రూపం. జావా స్టాక్ ట్రేస్ (ఎర్రర్ ఏ ఫంక్షన్ల గుండా వచ్చిందో చూపే జాబితా) మామూలు పాఠంగా వస్తే 60 వరుసలు 60 వేర్వేరు లాగ్‌లుగా విడిపోతాయి, వేరే రిక్వెస్టుల లైన్లు మధ్యలో దూరతాయి. జేసన్‌లో అదంతా ఒకే లైను. 16 కేబీ దాటిన లైనును డాకర్ ముక్కలు చేస్తుంది కాబట్టి ట్రేస్‌ను ఆలోపే కత్తిరించండి. యూజర్ టైప్ చేసిన దాంట్లో కొత్త వరుస గుర్తు ఉంటే మామూలు పాఠంలో దొంగ లాగ్ లైను తయారవుతుంది, జేసన్ దాన్ని కూడా అడ్డుకుంటుంది. బయటివాళ్లు పంపిన మాటను లాగ్ లైబ్రరీ ఎంత జాగ్రత్తగా పట్టుకోవాలో 2021 డిసెంబరులో జావా లాగ్ లైబ్రరీ లాగ్‌ఫోర్‌జే నేర్పింది: సందేశంలోని ఒక వాక్యాన్ని లైబ్రరీయే అమలు చేసి బయటి సర్వరు నుంచి కోడ్ తెచ్చుకుంది. మీ దగ్గర 2.17.1 కంటే పాత రెండో తరం లాగ్‌ఫోర్‌జే ఎక్కడైనా మిగిలి ఉంటే ఇవాళే మార్చండి.

తెలుగు పేర్లు లాగ్‌లోకి వచ్చే సర్వీసులకు ఒక ప్రత్యేక జాగ్రత్త. యూటీఎఫ్-8లో తెలుగు గుర్తు ఒక్కోదానికి 3 బైట్లు. 'తెలుగు' అనే మాటలో కంప్యూటర్ లెక్కకు 6 గుర్తులు, 18 బైట్లు. పైథాన్ జేసన్ మాడ్యూల్ డిఫాల్ట్‌గా వాటిని ఆస్కీ ఎస్కేప్‌లుగా, అంటే ఇంగ్లిష్ అక్షరాలు, అంకెల సంకేతాలుగా మారుస్తుంది, అప్పుడు 36 బైట్లు. సైజు సంగతి అలా ఉంచితే, గ్రెప్‌లో 'సికింద్రాబాద్' అని వెతికితే ఒక్క లైనూ దొరకదు. ఎన్ష్యూర్ ఆస్కీని ఆఫ్ చేయండి. బైట్ల లెక్కన కత్తిరిస్తే అక్షరం మధ్యలో తెగి లైను చివర పిచ్చి గుర్తులు వస్తాయి. పొల్లు తర్వాత కంటికి కనిపించని జీరో విడ్త్ నాన్ జాయినర్ ఉన్న మాట, లేని మాట ఒకేలా కనిపించినా వెతుకులాటలో కలవవు. కాబట్టి బస్‌స్టాండ్ పేరుతోపాటు దాని కోడ్ కూడా లాగ్ చేయండి, వెతికేది కోడ్‌తో.

సమయం యూటీసీలో (ప్రపంచ ప్రామాణిక సమయం), చివర ఆఫ్‌సెట్‌తో రాయండి. సర్వరు యూటీసీలో ఉంటే రోజువారీ ఫైలు మారేది మన ఉదయం 5:30కి. 14వ తేదీ రాత్రి 2 గంటలకు హైదరాబాద్‌లో జరిగింది 13వ తేదీ ఫైల్లో 20:30 దగ్గర ఉంటుంది. కొత్తగా చేరినవాళ్లు తప్పు ఫైలు తెరిచి అరగంట పోగొట్టుకునేది ఇక్కడే. ప్రతి లైనులో రిక్వెస్ట్ ఐడీ, ప్రాసెస్ మొదలైనప్పటి నుంచి పెరిగే ఒక వరుస సంఖ్య ఉంచండి. వరుస సంఖ్య లేకుండా లైన్లు పోయాయో లేదో ఎవరూ చెప్పలేరు. ఓటీపీ, కార్డు నంబరు, ఆధార్ నంబరు లాగ్‌లోకి రాకూడదు. ఫోన్ నంబరులో చివరి నాలుగు అంకెలు చాలు.

180 రోజులు

కేంద్ర ప్రభుత్వ సైబర్ భద్రతా సంస్థ సెర్ట్-ఇన్ 2022 ఏప్రిల్ 28న ఇచ్చిన ఆదేశాల ప్రకారం కంపెనీలు తమ వ్యవస్థల లాగ్‌లను 180 రోజులపాటు భారత పరిధిలో భద్రపరచాలి. సైబర్ ఘటన గమనించిన 6 గంటల్లోపు తెలపాలి, గడియారాలను ప్రభుత్వ సంస్థలైన ఎన్ఐసీ లేదా ఎన్‌పీఎల్ ఎన్‌టీపీ (సమయం చెప్పే) సర్వర్లతో, లేదా వాటిని అనుసరించే సర్వర్లతో కలపాలి. మన సర్వీసుకు 180 రోజులంటే 1.4 టీబీ. ఇదంతా ఎలాస్టిక్‌సెర్చ్‌లో ఉంచడం వృథా ఖర్చు. వెతకడానికి 14 రోజులు ఉంచి, మిగతాది కుదించి ఆబ్జెక్ట్ స్టోరేజ్‌లో పెట్టండి. లాగ్ పాఠం బాగా కుదుస్తుంది, తరచూ పదో వంతు దాకా. అమెజాన్ క్లౌడ్ హైదరాబాద్ రీజియన్ 2022 నవంబరు నుంచి ఉంది, కాబట్టి దేశం దాటించాల్సిన పనిలేదు.

మొత్తానికి ఎంపిక ఇలా. దుకాణం కంప్యూటర్‌లో బిల్లింగ్ ప్రోగ్రామ్ అయితే రొటేటింగ్ ఫైలు, 10 ఎంబీ చొప్పున 10. ఒక్క లినక్స్ మెషీన్ అయితే స్టాండర్డ్ అవుట్‌పుట్, జర్నల్, ఆ ఫోల్డర్ తప్పకుండా సృష్టించి. కంటెయినర్లయితే స్టాండర్డ్ అవుట్‌పుట్‌కు జేసన్, నాన్‌బ్లాకింగ్, మొదటిరోజు నుంచే ఏజెంటు. డబ్బు చేతులు మారిన సంగతి, టికెట్ రద్దయిన సంగతి మాత్రం వీటిలో దేన్నీ నమ్మి వదలొద్దు. అవి లాగ్ కాదు, లావాదేవీ రికార్డులు. డేటాబేస్‌లో, ఆ లావాదేవీతోపాటే నమోదు కావాలి.

ఎంచుకున్నాక టెస్ట్ మెషీన్ మీద అసలు లోడ్ పెట్టి, లాగ్ అందుకునే ప్రాసెస్‌కు స్టాప్ సిగ్నల్ పంపండి. డాకర్ డీమనో, జర్నల్‌డీయో, ఏజెంటో, ఏదైతే అది. జర్నల్‌డికి సిస్టమ్‌డి వాచ్‌డాగ్ ఉంటుంది కాబట్టి ఎక్కువసేపు ఆపితే దాన్ని అదే రీస్టార్ట్ చేస్తుంది, మొత్తం 30 సెకన్లు చాలు. ఆ 30 సెకన్లలో ఒక టికెట్ బుక్ చేయడానికి ఎంత పట్టిందో కొలవండి. తర్వాత కంటిన్యూ సిగ్నల్ ఇచ్చి, చేరిన లైన్ల వరుస సంఖ్యల్లో ఎన్ని లోపించాయో లెక్కపెట్టండి.